ఇంజను ఊపిరి

కృష్ణా డెల్టాలో కాలువ కింద ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊళ్లో ఒక మహిళా సంఘం. సభ్యులు 12 మంది. పొదుపు డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి వాళ్లు ఒక పాత ట్రాక్టరు కొన్నారు. మూడు సిలిండర్ల డీజిలు ఇంజను. దుక్కికి, దమ్ముకు, ధాన్యం తోలడానికి అద్దెకు తిప్పుతున్నారు. ఆ అద్దె డబ్బుతోనే బ్యాంకు కిస్తీ కట్టాలి. డ్రైవరుకు జీతం ఇవ్వాలి. మిగిలింది సంఘం ఖాతాలో వేయాలి.

మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు ఎండాకాలం చివర చిక్కు వచ్చింది. ట్రాక్టరు నిలిపిన చోట నేల మీద నల్లటి మరకలు పడుతున్నాయి. ఇంజను ఒళ్లంతా ఆయిలు. దాని మీద దుమ్ము అంటుకుని మందంగా పేరుకుంది. వారానికోసారి ఆయిలు పోయాల్సి వస్తోంది.

"ఇంజను బోరుకొచ్చిందమ్మా. విప్పించాల్సిందే" అన్నాడు డ్రైవరు.

టౌనులో ఒక షెడ్డులో అడిగారు. అక్కడి మనిషి బండి చూడకుండానే 60 వేలు అవుతుందన్నాడు. ఇంతలో పాత బండ్లు కొనే బేరగాడు ఇంటికే వచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయండి. లక్ష ఇస్తా" అన్నాడు. వాళ్లు కొన్న ధరలో అది సగం కూడా కాదు. ఇంకో మూడు వారాల్లో కాలువకు నీళ్లు వదులుతారు. దమ్ము మొదలవుతుంది. ఏడాది మొత్తంలో ట్రాక్టరుకు ఎక్కువ డబ్బు వచ్చే రోజులు అవే.

సంఘం మీటింగులో తలా ఒక మాట అన్నారు.

"అమ్మేద్దాం వదినా. కంటి నిండా నిద్రయినా పడుతుంది."

"సగానికి అమ్మితే మిగతా అప్పు ఎవరు కడతారే?"

లెక్కలు రాసే అమ్మాయి మాత్రం ఒక మాట అడిగింది. "బోరుకొచ్చిందని ఎలా తెలిసింది? ఆయిలు కారితే బోరుకొచ్చినట్టేనా?"

ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే.

బోరుకు రావడం అంటే

సైకిలు పంపు మీరు చూసే ఉంటారు. గొట్టం లోపల కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది. కడ్డీ చివర తోలు వాషరు ఉంటుంది. వాషరు బాగుంటే గాలి అంతా ట్యూబులోకి పోతుంది. వాషరు అరిగితే? ఎంత కొట్టినా గాలి వాషరు పక్కనుంచి వెనక్కి జారిపోతుంది.

ఇంజనులో కూడా అంతే. గొట్టం లాంటిది సిలిండరు. దాని లోపలి గోడ పేరు లైనరు. అందులో ఆడేది పిస్టను. పిస్టను చుట్టూ గాజుల లాగా రింగులు ఉంటాయి. అవే ఇక్కడ వాషర్లు. పిస్టను గాలిని నొక్కుతుంది. డీజిలు ఇంజనులో ఆ నొక్కుడు చాలా ఎక్కువ. చదరపు సెంటీమీటరు మీద 25, 30 కిలోల బరువు పెట్టినంత. అంత నొక్కితే గాలి బాగా వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. అంటుకున్నాక ఒత్తిడి ఇంకా పెరిగి పిస్టనును కిందికి తోస్తుంది. బండి నడుస్తుంది.

ఏళ్లు గడిచేకొద్దీ రింగులూ లైనర్లూ అరుగుతాయి. సందు పెరుగుతుంది. మంట గాలి ఆ సందులోంచి కిందికి జారుతుంది. ఆయిలు ఆ సందులోంచే పైకెక్కి కాలిపోతుంది. ఇదే బోరుకు రావడం. అప్పుడు లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చాలి. అది పెద్ద ఖర్చే. అందులో అబద్ధం లేదు.

కానీ ఆయిలు కారడం వేరు, బోరుకు రావడం వేరు. రెండూ ఒక్కోసారి కలిసి వస్తాయి. ఒక్కోసారి అసలు సంబంధమే ఉండదు. తేడా తెలుసుకోకుండా ఇంజను విప్పకూడదు. అమ్మకూడదు కూడా.

ఇంజనుకు ముక్కు ఎక్కడ?

కొత్త ఇంజనులో కూడా రింగుల పక్కనుంచి కొంచెం గాలి కిందికి దిగుతూనే ఉంటుంది. దీన్ని మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజను అనుకోండి. ఒక్కో సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి మంట వస్తుంది. మూడు సిలిండర్లకు కలిపి నిమిషానికి 3,000 సార్లు. ప్రతిసారీ చిటికెడు గాలి దిగినా ఎంత అవుతుందో ఆలోచించండి.

ఆ గాలి దిగే చోటు ఇంజను కింది పెట్టె. దాన్ని క్రాంక్ కేసు అంటారు. దాని అడుగున ఆయిలు ఉండే తొట్టిని చాంబరు అంటారు. లోపలికి దిగిన గాలి బయటికి పోవాలి గదా. అందుకే ఇంజను తయారు చేసినవాళ్లు ఒక గొట్టం పెట్టారు. దాని పేరు బ్రీదర్ పైపు. ఊపిరి గొట్టం అనుకోవచ్చు. చాలా పాత ట్రాక్టర్లలో అది ఇంజను పక్కన గానీ, పైన ట్యాపెట్ కవరు దగ్గర గానీ మొదలై కిందికి వంగి ఉంటుంది. కొన్నిటిలో లోపల తీగ జాలీ ఉంటుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు ఉంటుందే, అలా ఉంటుంది. గాలి బయటికి పోతుంది, ఆయిలు తుంపర జాలీకి అంటుకుని వెనక్కి జారుతుంది.

ఈ ముక్కు మూసుకుపోతే ఏమవుతుంది? కుక్కరు తెలిసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. విజిలు గొట్టంలో మెతుకు అడ్డం పడితే ఆవిరి ఊరుకోదు. రబ్బరు పక్కనుంచి బుసబుస తన్నుకొస్తుంది. అప్పుడు కొత్త రబ్బరు కొనం. ముందు గొట్టం పొడిచి చూస్తాం.

ఇంజనులో రబ్బరు లాంటివి చాలా చోట్ల ఉన్నాయి. ట్యాపెట్ కవరు కింద ప్యాకింగు. చాంబరు చుట్టూ ప్యాకింగు. తిరిగే కడ్డీకి ముందూ వెనకా ఆయిలు సీళ్లు. ఆయిలు కొలిచే పుల్ల దూరే రంధ్రం. లోపల ఒత్తిడి పెరిగితే ఆయిలు వీటన్నిటి గుండా బయటికి వస్తుంది. ఆయిలు సీలు అంటే సన్నటి రబ్బరు పెదవి. చిందే ఆయిలును ఆపడానికే దాన్ని చేశారు. ఒత్తిడిని ఆపడానికి చేయలేదు. అందుకే కొత్త సీలు వేసినా, లోపల ఒత్తిడి అలాగే ఉంటే నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. డబ్బు పోతుంది, పని పోతుంది.

ముందు కారేది ఏమిటో చూడాలి

సంఘం వాళ్లు పక్క ఊళ్లో ఉన్న ముసలి మేస్త్రిని పిలిచారు. ఆయన స్పానరు తియ్యలేదు. "రాత్రికి బండి కింద అట్టలు పరవండమ్మా. పొద్దున చూద్దాం" అన్నాడు.

పొద్దున అట్టల మీద మూడు చోట్ల మరకలు. మేస్త్రి వేలికి రాసుకుని వాసన చూశాడు. ఇది ఎవరైనా చేయవచ్చు. డీజిలు ఇంజను ఆయిలు నల్లగా ఉంటుంది. మసి వల్ల ఆ నలుపు. డీజిలు అయితే పల్చగా ఉంటుంది, వాసన ఘాటు. గేరు ఆయిలు చిక్కగా ఉంటుంది, దాని వాసన వేరు. రేడియేటరు నీళ్లయితే జిడ్డు అంటదు. హైడ్రాలిక్ ఆయిలు కారితే ఇంజనును తిట్టి లాభం లేదు.

తర్వాత బండిని చదునైన నేల మీద నిలిపారు. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగారు. ఆయిలు పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశారు. పుల్ల మీద రెండు గీతలుంటాయి. ఆయిలు ఆ రెండిటి మధ్య ఉండాలి. ఇక్కడ పై గీత దాటి వేలెడు పైకి ఉంది.

"ఎందుకురా ఇంత పోశావు?" అన్నాడు మేస్త్రి.

"ఎలాగూ కారుతోంది గదా బాబాయ్, ముందే కొంచెం ఎక్కువ పోశా" అన్నాడు డ్రైవరు.

చాలామంది చేసే పని ఇది. మంచిది కాదు. ఆయిలు ఎక్కువైతే తిరిగే భాగాలు దాన్ని చిలుకుతాయి. కవ్వంతో మజ్జిగ చిలికితే నురగ వచ్చినట్టు ఆయిలు నురగ కడుతుంది. నురగ బ్రీదర్ గుండా బయటికి వస్తుంది. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ పోతుంది. ఎక్కువైన ఆయిలు తీసేశారు.

పుల్ల ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఎవరూ పోయకుండానే ఆయిలు మట్టం పెరిగితే అందులో డీజిలో నీళ్లో కలుస్తున్నాయని అర్థం. డీజిలు కలిస్తే ఆయిలు పల్చబడుతుంది, డీజిలు వాసన వస్తుంది. నీళ్లు కలిస్తే పాలు పోసిన కాఫీ రంగుకు తిరుగుతుంది. ఈ రెండూ ప్రమాదమే. అలాంటప్పుడు ఇంజను అసలు తిప్పకూడదు. వీళ్ల బండికి అవేవీ లేవు.

పౌడరు చెప్పే కబురు

ఆయిలు ఎక్కడ కనిపిస్తే అక్కడే కారుతోందని అనుకోకూడదు. ఆయిలు పైనుంచి కిందికి జారుతుంది. ముందున్న ఫ్యాను గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. వాన నీరు ఇంటి కప్పులో ఒక చోట దిగి, దూలం పట్టుకుని ఇంకో చోట కారడం చూస్తూనే ఉంటాం. అందుకని ముందు ఇంజను కడగాలి.

ఇంజను చల్లారాక సబ్బు పొడి నీళ్లతో, బ్రష్షుతో శుభ్రంగా కడిగారు. గాలి పీల్చే చోట, కరెంటు తీగల మీద నీళ్లు పడకుండా పాత కవర్లు కట్టారు. బాగా ఆరాక అనుమానం ఉన్న అంచుల మీద టాల్కం పౌడరు చల్లారు. మొహానికి రాసుకునే పౌడరే. ఒకామె ముగ్గుపిండి తెచ్చింది. మేస్త్రి వద్దన్నాడు. అది రాతి పొడి. పొరపాటున ఇంజనులోకి పోతే రాపిడి పెడుతుంది.

కవర్లు తీసేసి ఇంజను అరగంట తిప్పారు. పౌడరు తడిసిన చోట్లు కనిపించాయి. తడి గీతను కింది నుంచి పైకి చూసుకుంటూ పోవాలి. అన్నిటికన్నా పైన తడిసిన చోటే అసలు చోటు. వీళ్ల బండికి ట్యాపెట్ కవరు అంచు రెండు పక్కలా తడిసింది. పుల్ల రంధ్రం చుట్టూ తడి. ముందు సీలు దగ్గర కొంచెం.

ఇంకొకటి మిగిలింది. ఇంజనుకూ గేరు పెట్టెకూ మధ్య క్లచ్ ఉండే గూడు అడుగున చాలా ట్రాక్టర్లకు చిన్న రంధ్రం ఉంటుంది. మూసుకుపోకుండా అందులో ఒక పిన్ను వేలాడుతుంది. అక్కడ నల్ల ఆయిలు చుక్కలు పడితే ఇంజను వెనక సీలు కారుతోందని లెక్క. గేరు ఆయిలు పడితే గేరు పెట్టె సీలు. ఇక్కడ నల్ల చుక్కే పడింది. వెనక సీలు మార్చాలంటే ట్రాక్టరును నడిమికి రెండుగా విడదీయాలి. సీలు ధర కొంచెమే, కూలి ఎక్కువ.

ఒక్క చోట కారితే ఆ ప్యాకింగో ఆ సీలో పోయిందని అనుకోవచ్చు. ఇక్కడ ఒకేసారి నాలుగు చోట్ల కారుతోంది. ముందూ, వెనకా, పైనా. అన్ని సీళ్లూ ఒక్క నెలలో ఎందుకు పోతాయి? లోపలి నుంచి ఏదో తోస్తోంది. మేస్త్రి అనుమానం అప్పుడే ఊపిరి గొట్టం మీదికి పోయింది.

మూత పరీక్ష

ఇది చేసే ముందు ఒక జాగ్రత్త. తిరుగుతున్న ఇంజను దగ్గరికి పోయేటప్పుడు పైట కొంగు నడుముకు బిగించి దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి. ఫ్యాను బెల్టు కొంగును పట్టుకుంటే మనిషిని లాగేస్తుంది. ఈ విషయంలో తొందర పనికిరాదు.

ఇంజను వేడెక్కాక నిదానంగా తిరిగేలా ఉంచారు. పైన ఆయిలు పోసే మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీద ఊరికే పెట్టారు. మొహం దూరంగా పెట్టుకున్నారు. వేడి ఆయిలు చిందవచ్చు. మూత సన్నగా వణికితే ఫరవాలేదు. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మూత కదిలినట్టు కదిలినా పాత ఇంజనుకు అది మామూలే. వీళ్ల మూత ఎగిరి కింద పడింది. రంధ్రంలోంచి పొగ భుగభుగ వచ్చింది.

"చూశారా, నేను చెప్పలా?" అన్నాడు డ్రైవరు.

"ఆగు" అన్నాడు మేస్త్రి. "మూత ఎగిరిందంటే లోపల ఒత్తిడి ఉందని అర్థం. ఎందుకు ఉందో ఇంకా తేలలా."

ఒత్తిడికి కారణాలు రెండు. ఒకటి, రింగులు అరిగి గాలి ఎక్కువ దిగడం. రెండు, దిగిన గాలి పోవడానికి దారి లేకపోవడం. మూత పరీక్ష ఒక్కదానితో ఈ రెండూ విడదీయలేం. ఇక్కడే చాలామంది మోసపోతారు.

ఇంజను ఆపి, చల్లారాక బ్రీదర్ పైపు విప్పారు. కింది మూతిలో పోయినేటి దమ్ము బురద ఎండి గట్టిపడి ఉంది. లోపలి జాలీ నిండా ఆయిలూ దుమ్మూ కలిసి జీడి పట్టింది. నోటితో ఊదితే గాలి ఆడలేదు. కొన్ని బండ్లలో అక్కడ కందిరీగలు మట్టిగూడు కట్టి ఉంటాయి. ఇంకొందరు డ్రైవర్లయితే ఆయిలు చుక్కలు పడుతున్నాయని బ్రీదరుకు గుడ్డ కుక్కుతారు. ముక్కు కారుతోందని ముక్కు మూయడమే అది.

జాలీని కిరసనాయిలులో నానబెట్టి కడిగారు. పైపును కడ్డీతో పొడిచి కడిగారు. బాగా ఆరబెట్టి బిగించారు. జాలీ తీసి పారేయకూడదు. అది లేకపోతే ఆయిలు తుంపర అంతా బయటికి పోతుంది.

మళ్లీ మూత పరీక్ష. ఈసారి మూత వణికింది కానీ పడలేదు.

తాపీ పనివాళ్ల గొట్టం

సంఘంలో ఒకామె తాపీ పనికి పోతుంది. గోడల మట్టం చూసే నీళ్ల గొట్టం వాళ్లింట్లో ఉంది. లోపలి నీళ్లు బయటికి కనిపించే ప్లాస్టిక్ గొట్టం. మేస్త్రి దాన్ని తెప్పించాడు. "వణుకును కళ్లతో చూస్తే ఒకరు కొంచెం అంటారు, ఒకరు ఎక్కువ అంటారు. నీళ్లయితే కొలత చెబుతాయి" అన్నాడు.

గొట్టాన్ని ఊయల లాగా కిందికి వేలాడదీసి, కొంచెం నీళ్లు పోశారు. రెండు పక్కలా నీళ్లు ఒకే మట్టంలో నిలిచాయి. ఇంజను తిప్పి, గొట్టం ఒక కొసను ఆయిలు పుల్ల తీసిన రంధ్రానికి గట్టిగా తగిలించారు. రెండో కొస గాలికి వదిలేశారు. నీళ్లు ఒక పక్క దిగి, ఇంకో పక్క లేచాయి. రెండు మట్టాల తేడా రెండు సెంటీమీటర్లు. మేస్త్రి బ్రీదర్ మూతిని గుడ్డతో ఒక్క క్షణం మూశాడు. నీళ్లు సర్రున లేచి గొట్టంలోంచి బయటికి చిమ్మాయి. ఆడవాళ్లంతా వెనక్కి గెంతారు. ఊపిరి గొట్టం ఏం పని చేస్తుందో అప్పుడు అందరికీ అర్థమైంది. ఇంజను ఆపకముందే గొట్టం తీసేశారు. నీళ్లు ఇంజనులోకి పోకుండా అలా చేయాలి. ఈ పరీక్ష తెలిసిన మేస్త్రి పక్కనుంటేనే చేయాలి. ఏ ఇంజనుకు ఎంత ఒత్తిడి ఉండవచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క వేయండి. నీళ్ల తేడా 10 సెంటీమీటర్లు ఉంటే చదరపు సెంటీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడి. వినడానికి చాలా తక్కువ. ట్యాపెట్ కవరు 40 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. 40 ను 12 తో హెచ్చిస్తే 480. ఒక్కో చదరపు సెంటీమీటరుకు 10 గ్రాములు. మొత్తం 4,800 గ్రాములు. అంటే దాదాపు 5 కిలోల బరువు ఆ కవరును లోపలి నుంచి రాత్రీ పగలూ పైకి తోస్తున్నట్టే. పాత ప్యాకింగు ఎన్నాళ్లు ఆగుతుంది?

మరి రింగుల సంగతి?

ఒత్తిడి తగ్గింది. అంత మాత్రాన ఇంజను కొత్తది కాదు. మేస్త్రి బండిని కాలువ గట్టు మీదికి తోలించాడు. ట్రక్కు నిండా మట్టి వేసి ఎక్కించారు. బరువు లాగేటప్పుడు బ్రీదర్ లోంచి పొగ ఉండుండి పుఫ్ పుఫ్‌మని వచ్చింది. ఒకే తీరుగా సన్నగా వచ్చే పొగ వయసు వల్ల. అలా లెక్కగా ఆగి ఆగి తన్నే పొగ ఒక్క సిలిండరు బలహీనంగా ఉందని చెబుతుంది.

సైలెన్సరు పొగ కూడా చూశారు. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. నల్ల పొగ వస్తే డీజిలు ఎక్కువో, గాలి తక్కువో. చలి పొద్దున ఇంజను అందుకునేటప్పుడు తెల్ల పొగ కొంచెంసేపు వచ్చి పోతే భయం లేదు. వీళ్ల బండికి బరువు మీద లేత నీలం పొగ కనిపించింది.

ఆఖరున కంప్రెషన్ గేజీ. ఇది మేస్త్రి పనే. డీజిలు చిమ్మే నాజిలు తీసి, ఆ రంధ్రంలో గేజీ బిగించి ఇంజను తిప్పుతారు. ఒక్కో సిలిండరు ఎంత గట్టిగా నొక్కుతోందో ముల్లు చూపిస్తుంది. మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఇక్కడ మొదటివి రెండూ బాగున్నాయి. మూడోది తగ్గింది.

అంటే డ్రైవరు మాటలో కొంత నిజం ఉంది. మూడో సిలిండరు అరిగింది. కానీ నాలుగు చోట్ల ఆయిలు కారింది అందువల్ల కాదు, ఊపిరి అందక. అరిగిన సిలిండరు ఎక్కువ గాలి దింపింది, మూసుకుపోయిన గొట్టం ఆ గాలిని ఆపింది. ఎంత పెద్ద ఇంజను పనైనా చేయించి, బ్రీదర్ అలాగే బిగించి ఉంటే కొత్త సీళ్లు కూడా కారేవి.

సిలిండరు ఎందుకు అరిగిందో కూడా వెతికారు. గాలి వడపోసే డబ్బా విప్పారు. ఇది పాత రకం, అడుగున ఆయిలు ఉండేది. గాలిలోని దుమ్ము ఆ ఆయిలులో చిక్కుకోవాలి. కిన్నెలో ఆయిలు లేదు, బురద ముద్ద ఉంది. నూర్పిళ్లప్పుడు బండి పగలంతా ధూళిలో నిలబడి తిరుగుతుంది. ఆ ధూళి సిలిండరులోకి పోతే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఇంజను ఆయిలు మార్చడం అందరికీ గుర్తుంటుంది. ఈ కిన్నె మాత్రం ఎవరికీ గుర్తుండదు. దుమ్ము పనులప్పుడు దాన్ని రోజూ చూడాలి.

సంఘం ఏం చేసింది?

మీటింగులో మళ్లీ మాటలు నడిచాయి. ఇప్పుడు మాటలకు ఆధారం ఉంది. ట్యాపెట్ కవరుకు కొత్త ప్యాకింగు వేయించారు. చాంబరు బోల్టులు మేస్త్రి సరిచూశాడు. కారుతోంది గదా అని బలమంతా పెట్టి బిగించకూడదు. రేకు అంచు వంగి ఇంకా కారుతుంది. ముందు సీలు మార్చారు. వెనక సీలు ముట్టుకోలేదు. ఒత్తిడి తగ్గాక అక్కడ రాత్రికి ఒకటి రెండు చుక్కలే పడుతున్నాయి. ఇంజను విప్పిన రోజే దాన్నీ మార్చవచ్చు. కూలి కలిసొస్తుంది.

"మరి దమ్ము చేస్తుందా?" అని అడిగింది సంఘం లీడరమ్మ.

"చేస్తుందమ్మా. ఆయిలు రోజూ చూసుకోండి. ఒక్కసారిగా ఎక్కువ తాగినా, నీలం పొగ చిక్కబడినా ఆపేయండి. దమ్ములోంచి బయటికి వచ్చిన ప్రతి రోజూ బ్రీదర్ మూతి కడగండి" అన్నాడు మేస్త్రి. వెళ్తూ వెళ్తూ ఇంకొకటి చెప్పాడు. మార్చి తీసిన నల్ల ఆయిలు కాలువలో గానీ, బావి దగ్గర గానీ పోయొద్దన్నాడు. దెబ్బలకూ, పశువుల పుండ్లకూ రాయొద్దన్నాడు. అందులో ఒంటికి చెరుపు చేసేవి ఉంటాయి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి.

లెక్కలు రాసే అమ్మాయి ఒక చిన్న పుస్తకం కుట్టింది. ట్రాక్టరు మీద గంటల మీటరు ఉంటుంది గదా. ఆయిలు పోసిన ప్రతిసారీ మీటరు అంకె, పోసిన ఆయిలు అందులో రాయాలి. డ్రైవరు పోస్తే డ్రైవరు సంతకం. దమ్ము అయ్యేసరికి ఒక పేజీ ఇలా ఉంది.

2,410 గంటలు - అర లీటరు
2,450 గంటలు - అర లీటరు
2,485 గంటలు - అర లీటరు
2,515 గంటలు - అర లీటరు

ఈ అంకెలు మీరూ చదవండి. మొదటి అర లీటరు తర్వాత రెండోది ఎన్ని గంటలకు పోశారు? 40 గంటలకు. మూడోది 35 గంటలకు. నాలుగోది 30 గంటలకు. బయట మరక లేదు. అయినా ఆయిలు పోతోంది, కొంచెం కొంచెం తొందరగా పోతోంది. అది మూడో సిలిండరులో కాలుతోంది.

బేరగాడు మళ్లీ వచ్చాడు. ఈసారి ధర పెంచాడు. లీడరమ్మ మంచినీళ్లు ఇచ్చి పంపించింది. దమ్ము డబ్బులో కిస్తీ పోగా మిగిలింది బ్యాంకులో విడిగా వేశారు. కోతలకు ముందు ట్రాక్టరుకు పని తక్కువ ఉండే పది రోజులు చూసి, ఇంజను విప్పడానికి మేస్త్రితో రోజు ఖాయం చేసుకున్నారు. ఏయే సామాను కొనాలో ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి రాసుకుంది. లైనర్లు, పిస్టన్లు, రింగులు, వెనక సీలు. చివర బ్రీదర్ జాలీ కూడా కొత్తది రాయించింది.